ఒక దిబ్బ, ఇద్దరు తల్లులు

అందరికీ నమస్కారం. ముందు వరసలో పిల్లలు కూర్చున్నారు, చాలా సంతోషం. వెనక ఉన్నవాళ్లకి తెర కనిపిస్తోందా? మంచిది, మొదలుపెడదాం.

ఈ బొమ్మ చూడండి. చెట్ల మధ్య మట్టి, ఎండుటాకులు, విరిగిన పుల్లలు కలిపి పోసిన ఒక దిబ్బ. చూడగానే ఎవరో ఊడ్చి పారబోసిన చెత్తకుప్ప అనుకుంటాం. దాని మీద ఒక పెద్ద జంతువు ముందుకాళ్లతో గొయ్యి తవ్వుతోంది. తల లోపల ఉంది, తోక బయట ఉంది. అది ఉడుము. ఇవాళ భూమ్మీద బతికున్న బల్లిజాతులన్నిట్లోకీ పెద్దది. కొమోడో డ్రాగన్ అని మీరు టీవీలో విన్నది దీని గురించే. డ్రాగన్ అన్నది తర్వాత తగిలించిన పేరు. అది ఉండే దీవుల్లో వాళ్లు దాన్ని 'ఓరా' అంటారు. నేను మాత్రం ఉడుము అనే అంటాను, ఎందుకంటే అది ఉడుమే.

ఆ ఉడుము గుడ్లు పెట్టడానికి తవ్వుతోంది. కానీ ఆ దిబ్బ దానిది కాదు. దాన్ని పోసింది కోడంత పక్షి.

ఆ పక్షి పేరు మెగాపోడ్. పెద్ద పాదం అని అర్థం. గోధుమరంగు ఒళ్లు, తల వెనక చిన్న కుచ్చు, నారింజరంగు కాళ్లు. బరువు కిలోకి అటూ ఇటూ. కోళ్లు, టర్కీలు ఉన్న కుటుంబానికే ఇదీ చుట్టం. ఉడుమేమో మగది రెండున్నర మీటర్లు దాటుతుంది, 70 కిలోల దాకా తూగుతుంది. కొలిచి రాసిపెట్టిన వాటిలో పెద్దది 3.13 మీటర్లు. ఇండోనేషియాలో కొమోడో, రించా, ఫ్లోరెస్, ఇంకా ఒకటి రెండు చిన్న దీవులు, అంతే దాని ప్రపంచం. ఈ రెంటికీ పోలికేమిటి అని మీకు అనిపించవచ్చు. ముప్పై ఏళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఒకటి వేటాడే జంతువు, ఇంకొకటి నేల గీరుకుని గింజలూ పురుగులూ ఏరుకునే పక్షి. ఒకదానికి పొలుసులు, ఒకదానికి ఈకలు.

పిల్లలకి మనం ఏం నేర్పుతాం? పాము, బల్లి, ఉడుము గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. పక్షి మాత్రం గుడ్ల మీద కూర్చుని పొదుగుతుంది, పిల్లకి నోట్లో నోరు పెట్టి తినిపిస్తుంది. నేనూ ఏళ్ల తరబడి బోర్డు మీద ఇదే రాశాను. ఈ దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం తలకిందులవుతుంది. ఇక్కడ పిల్ల మొహం కూడా చూడకుండా వెళ్లిపోయేది పక్షి. తిండి మానుకుని నెలల తరబడి గుడ్లకి కాపలా కాసేది ఉడుము.

ముందు దిబ్బ సంగతి చెబుతాను. నాకు చాలా ఇష్టమైన సంగతి, కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

మెగాపోడ్ పొదగదు. ఏ ఒక్క గుడ్డు మీదా కూర్చోదు. ఆడా మగా కలిసి, వెనక్కి తిరిగి, ఆ పెద్ద కాళ్లతో ఆకుల్నీ మట్టినీ వెనక్కి తన్నుతూ పోగేస్తాయి. రోజుల తరబడి, నెలల తరబడి, ఒకే దిబ్బ మీద ఏళ్ల తరబడి. కొన్ని దిబ్బలు మనిషిని మించిన ఎత్తు పెరుగుతాయి. వానకి తడిసిన ఆకులు లోపల కుళ్లుతాయి. పెంటకుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా, అదే వేడి. కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆకుల్ని తింటూ పుట్టించే వేడి. ఆ వేడే గుడ్డుని పొదుగుతుంది. ఎండ బాగా తగిలేచోట ఎండ కూడా సాయం చేస్తుంది. సులవేసి దీవిలో వీటి చుట్టం మాలియో అని ఒక పక్షి ఉంది. అది కుప్పలు కూడా వెయ్యదు. అగ్నిపర్వతాల వేడి తగిలే నేలలోనో, ఎండకి కాగే ఇసకలోనో గుడ్డు పాతిపెట్టి వెళ్లిపోతుంది.

కుప్ప వేస్తే సరిపోదు, దాన్ని నడపాలి. ఎక్కువ వేడైతే గుడ్డు ఉడికిపోతుంది, తక్కువైతే లోపలి పిల్ల చచ్చిపోతుంది. ఆస్ట్రేలియాలో మాలీఫౌల్ అని ఇదే కుటుంబపు పక్షి ఉంది. దాన్ని 1950లలో హెరాల్డ్ ఫ్రిత్ అనే శాస్త్రవేత్త ఏళ్ల పాటు గమనించారు. మగపక్షి దిబ్బని తవ్వి, ముక్కు లోపలికి గుచ్చి, నోటి నిండా ఇసక తీసుకుని వేడి చూస్తుంది. వేడి ఎక్కువుంటే కుప్ప విప్పి గాలి తగలనిస్తుంది. చల్లబడితే ఎండకి కాగిన ఇసక తెచ్చి కప్పుతుంది. గుడ్ల చుట్టూ 33 డిగ్రీల దగ్గర నిలబెట్టాలని దాని తాపత్రయం. ఫ్రిత్ ఏం చేశారంటే, దిబ్బ లోపల కరెంటు హీటర్ పెట్టి పక్షికి తెలియకుండా వేడి పెంచారు. పక్షి ఊరుకోలేదు. వేడి పెరిగిన ప్రతిసారీ వచ్చి దిబ్బ విప్పి సరిచేసుకుంది. అంటే అలవాటు కొద్దీ చేస్తున్న పని కాదు, కొలిచి చేస్తున్న పని. ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మనం వంటింట్లో నూనె కాగిందో లేదో చూసుకున్నట్టు, ఒక పక్షి నోటితో మట్టి రుచి చూసి పిల్లల్ని బతికిస్తోంది.

ఇంత చేసిన పక్షి, పిల్ల పుట్టే వేళకి పక్కన ఉండదు. దాన్ని రాతిగుండె అనకండి. కారణం గుడ్డులోనే ఉంది.

మెగాపోడ్ గుడ్డు తల్లి బరువులో పదో వంతుకి పైనే ఉంటుంది. మాలియో గుడ్డైతే కోడిగుడ్డుకి దాదాపు ఐదు రెట్లు. అందులో దాదాపు సగమో, అంతకంటే ఎక్కువో పచ్చసొనే. కోడిగుడ్డులో పచ్చసొన అంత ఉండదు. అంటే తల్లి పిల్లకి పెట్టాల్సిన తిండంతా ముందే కట్టి లోపల పెట్టేసింది. అందుకే గుడ్డుకీ గుడ్డుకీ మధ్య రోజులు పడతాయి. ఒకే దిబ్బలో ఒక గుడ్డు నిన్నటిది, ఒకటి నెల కిందటిది. అన్నీ ఒకేరోజు పిల్లలవ్వవు కాబట్టి ఎదురు చూసినా లాభం లేదు.

ఇప్పుడు ఆ గుడ్డు దగ్గరికి వెళ్దాం. చిమ్మచీకటి. పైన అర మీటరో మీటరో మట్టి, ఆకులు. కోడిపిల్ల ముక్కు మీద చిన్న గట్టి మొన ఉంటుంది, దానితో పెంకు పగలగొట్టుకుంటుంది. మెగాపోడ్ పిల్ల ముక్కుతో పగలగొట్టదు, కాళ్లతో తంతుంది. పెంకు పగిలాక వెల్లకిలా పడుకుని పైనున్న మట్టిని కాళ్లతో గీరుతుంది. రాలిన మట్టిని వీపు కింద తొక్కి గట్టిపరుస్తుంది. ఆ మట్టి మీదే కాస్త పైకి లేస్తుంది. మళ్లీ గీరుతుంది, మళ్లీ ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఇలా ఒక్కోసారి రెండు రోజులు. పైకి తల పెట్టేసరికి ఒంటి నిండా ఈకలు ఉంటాయి. పుట్టిన రోజే ఎగరగలదు. చుట్టూ చూస్తుంది, తుప్పల్లోకి పరుగెడుతుంది. తల్లి ఎవరో, తండ్రి ఎవరో దానికి ఎప్పటికీ తెలియదు. అయినా పెద్దయ్యాక దిబ్బ పోయడం ఎవరూ నేర్పకుండానే దానికి వచ్చేస్తుంది.

ఇక ఉడుము తల్లి.

కొమోడో దీవుల్లో ఆడ ఉడుములు గుడ్లు పెట్టడానికి మూడు రకాల చోట్లు ఎంచుకుంటాయి. కొండవాలులో తవ్విన బొరియలు, చదును నేలలో తవ్విన గోతులు, మెగాపోడ్ దిబ్బలు. టిమ్ జెస్సప్, ఆయన తోటి పరిశోధకులు 2004లో ఈ గూళ్లని లెక్కపెట్టి చూస్తే సగానికి పైగా మెగాపోడ్ దిబ్బల్లోనే ఉన్నాయి. పక్షి కాళ్లతో తన్ని తన్ని వదులు చేసిపెట్టిన మట్టి మరి. ఎండాకాలంలో కొమోడో నేల ఎంత గట్టిగా ఉంటుందో తెలిస్తే ఆ వదులు మట్టి విలువ అర్థమవుతుంది.

ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో దాదాపు 20 గుడ్లు పెడుతుంది. కోడిగుడ్డులా గట్టి పెంకు కాదు, తోలులా మెత్తటిది. చుట్టూ ఉన్న మట్టిలోంచి తేమ పీల్చుకుంటుంది. గుడ్డు బరువు వంద గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఒకసారి ఈ లెక్క చూడండి. కిలో బరువున్న పక్షి పెట్టే గుడ్డు, దానికి ఎన్నో రెట్ల బరువున్న ఉడుము పెట్టే గుడ్డు, దాదాపు సమానం. పక్షి తన సంపాదనంతా ఒక్కొక్క గుడ్డులో పోస్తుంది. ఉడుము దాన్ని ఇరవైకి పంచుతుంది.

గుడ్లు పెట్టాక ఆ ఉడుము చేసే పని నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. గుడ్లున్న గొయ్యి పూడ్చి, దిబ్బ మీద ఇంకా నాలుగైదు గోతులు ఉత్తుత్తివి తవ్వుతుంది. దొంగ వస్తే ఏ గోతిలో ఉన్నాయో తెలియకూడదు. ఆ దొంగ మరెవరో కాదు, ఇంకో ఉడుమే. తర్వాత అక్కడే ఉండిపోతుంది. దగ్గర దగ్గర మూడు నెలలు. వేటకి దూరం వెళ్లదు. ఒళ్లు చిక్కిపోతుంది. ఇంకో ఉడుము దగ్గరికొస్తే తరిమేస్తుంది. వానలు పడటం మొదలయ్యాక, గుడ్లు పిల్లలవ్వడానికి ఇంకా నెలలు ఉండగానే, వెళ్లిపోతుంది. 2012లో వచ్చిన ఒక అధ్యయనం ఆడ ఉడుములు మగవాటికంటే చాలా ముందే చనిపోతున్నాయని అంచనా వేసింది. ఈ తవ్వకం, ఈ కాపలా దాని ఆయుష్షు తినేస్తున్నాయని ఆ పరిశోధకుల అభిప్రాయం.

మొత్తం ఏడెనిమిది నెలలకి, మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, వానలకి పురుగూ పుట్రా బాగా పెరిగిన కాలంలో పిల్లలు బయటికొస్తాయి. ఇవి మూతి మీది మొనపంటితోనే గుడ్డు చీల్చుకుంటాయి. చూశారా, పక్షిపిల్ల కాళ్లతో తన్నుకుని వస్తే, ఉడుముపిల్ల మనం కోడిపిల్ల అనుకున్న పద్ధతిలో వస్తుంది. మూర కంటే కాస్త తక్కువ పొడవు, పసుపు చారలు, పచ్చటి మచ్చలు. బయటపడగానే తిన్నగా చెట్టెక్కేస్తుంది. కింద ఉంటే పెద్ద ఉడుములు తినేస్తాయి. మొదటి కొన్నేళ్లు చెట్ల మీదే, పురుగులూ తొండలూ తింటూ. అడవిలో పక్షి పుట్టగానే నేల మీద పరుగు, ఉడుము పుట్టగానే కొమ్మ మీదికి.

మరి ఇన్ని పోలికలు చుట్టరికం వల్ల వచ్చాయా? ఎక్కువ భాగం కాదు. పక్షుల వంశం, బల్లుల వంశం విడిపోయి 25 కోట్ల ఏళ్లు దాటింది. పక్షులు డైనోసార్ల సంతతి. బతికున్నవాటిలో పక్షికి దగ్గర బంధువు మొసలి, ఉడుము కాదు. మెగాపోడ్‌లు కూడా పాత సరీసృపాల అలవాటుని అలాగే ఉంచుకున్నవి కావు. వాటి పూర్వీకులు మామూలు పక్షుల్లాగే పొదిగేవి. ఆ అలవాటు వదిలేసి మట్టిలోకి వచ్చాయి. ఒకప్పటి పుస్తకాల్లో మెగాపోడ్‌ని 'సగం సరీసృపం' అన్నట్టు రాసేవాళ్లు, అది తప్పు.

అయినా ఒకటి రెండు విషయాల్లో ఈ రెండు వంశాలు వేరు వేరు దారుల్లో నడిచి ఒకే చోటికి వచ్చాయి. మనలో ఆడో మగో తేల్చే క్రోమోజోముల్లో మగవాళ్లకి ఎక్స్, వై రెండూ ఉంటాయి. పక్షుల్లో తిరగేసి ఉంటుంది. రెండు రకాలూ ఉండేది ఆడదానికి, వాటిని జెడ్, డబ్ల్యూ అంటారు. మగదానికి రెండూ జెడ్‌లే. కొమోడో ఉడుములోనూ అంతే.

దీనివల్ల ఒక వింత జరిగింది. ఇంగ్లండులో చెస్టర్ జూలో ఫ్లోరా అని ఒక ఆడ ఉడుము. మగ ఉడుముతో అది ఎన్నడూ కలవలేదు. 2006లో గుడ్లు పెట్టింది. పరీక్షిస్తే వాటిలో పిల్లలు పెరుగుతున్నాయి. తండ్రి లేడు. జన్యువులన్నీ తల్లివే. 2007 జనవరిలో పిల్లలు బయటికొచ్చాయి, అన్నీ మగవే. ఎందుకంటే, తల్లి గుడ్డులో ఉన్న ఒక్క జెడ్ తనని తాను రెండు చేసుకుంటే రెండు జెడ్‌లు, అంటే మగపిల్ల. డబ్ల్యూ రెండైతే ఆ పిల్ల బతకదు. పక్షుల్లోనూ ఇదే లెక్క. 1950లలో అమెరికాలో టర్కీ కోళ్లలో తండ్రి లేని పిల్లలు పుట్టడం గమనించారు, అవీ మగవే. 2021లో కాలిఫోర్నియా కాండార్ రాబందుల్లో రెండు అలాంటివి బయటపడ్డాయి, అవీ మగవే. ఒంటరి ఆడ ఉడుము ఈదుకుంటూ ఒక కొత్త దీవికి చేరిందనుకోండి, తనకి తోడుని తానే కనగలదు. ఆ తర్వాత పుట్టేవాటికి రక్తం మరీ దగ్గరైపోతుంది, అది వేరే కష్టం.

ఊపిరి గురించి కూడా ఒక్క మాట. మన ఊపిరితిత్తుల్లో గాలి వచ్చిన దారినే పోతుంది. పక్షిలో ఒకవైపే తిరుగుతుంది. అది పక్షుల ప్రత్యేకత అని నేను పాఠాల్లో గొప్పగా చెప్పేవాణ్ణి. ఎమ్మా షాక్నర్, కొలీన్ ఫార్మర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, వాళ్ల తోటివాళ్లు ఆఫ్రికా సవానా ఉడుము ఊపిరితిత్తుల్లోనూ గాలి ఒకవైపే తిరుగుతుందని చూపించారు. అప్పటినుంచి ఆ పాఠం మార్చుకున్నాను.

తేడాలు ఎన్నైనా చెప్పుకోవచ్చు. రంపపు పళ్లు, ఆ పళ్ల అంచున ఇనుము పూత, రక్తం గడ్డకట్టనివ్వని విషం, కిలోమీటర్ల దూరం నుంచి కుళ్లిన మాంసం వాసన పట్టే చీలిన నాలుక. అవి మీరు వీడియోల్లో చూసే ఉంటారు, వాటి దగ్గర నేను ఆగను. ఒక్క తేడా మాత్రం చెబుతాను, ఆకలి. పక్షి ఒళ్లు ఎప్పుడూ వేడిగా ఉండాలి, కాబట్టి రోజంతా గీరుతూ తినాలి. ఉడుము పొద్దున ఎండలో పడుకుని ఒళ్లు కాచుకుంటుంది. ఒక్క పూటలో తన బరువులో 80 శాతం దాకా తినేసి, వారాల తరబడి తినకుండా ఉండగలదు. దిబ్బ దగ్గర ఆ మూడు నెలల కాపలా దానికి సాధ్యమైంది అందుకే. రోజూ తినాల్సిన పక్షి అలా కూర్చుంటే చచ్చిపోతుంది.

ఈ రెండూ అసలు ఆ దీవులకి ఎలా చేరాయి? 1856లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త బాలి దీవి నుంచి పక్కనే ఉన్న లాంబాక్‌కి దాటారు. చిన్న జలసంధి. ఇవతల ఆసియా పక్షులు, అవతల ఒక్కసారిగా వేరే పక్షులు. అవతల ఆయనకి కనిపించిన కొత్తవాటిలో మెగాపోడ్ ఒకటి. ఆ హద్దునే వాలెస్ రేఖ అంటున్నాం. ఉడుము కూడా తూర్పునుంచి వచ్చిందే. కొమోడో ఉడుము ఎముకల శిలాజాలు ఆస్ట్రేలియాలో దొరికాయి, 30 లక్షల ఏళ్లకి పైబడినవి. అంటే ఆ దిబ్బ మీద కలుసుకున్నవి పాత పొరుగువాళ్లే.

శాస్త్రానికి ఈ ఉడుము గురించి తెలిసింది 1912లో, పీటర్ అవెన్స్ రాసిన వ్యాసంతో. 1980లో కొమోడో జాతీయ ఉద్యానవనం పెట్టారు. 1991లో ప్రపంచ వారసత్వ స్థలం అయ్యింది. పాదార్ దీవిలో ఒకప్పుడున్న ఉడుములు మాత్రం ఒక దశలో మాయమైపోయాయి. అవి తినే జింకల్ని మనుషులు వేటాడేసినందువల్లే అలా జరిగిందంటారు. 2021లో ఈ ఉడుముని అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాబితాలోకి మార్చారు. సముద్రమట్టం పెరిగితే వచ్చే 45 ఏళ్లలో దాని చోటులో కనీసం 30 శాతం పోతుందని అంచనా. అదే 2021లో మాలియో పక్షిని అంతకంటే తీవ్రమైన ప్రమాదంలో ఉన్నట్టు ప్రకటించారు. పెద్ద గుడ్డు, పాతిపెట్టిన చోటు అందరికీ తెలుసు, తవ్వుకుపోవడం తేలిక.

కొమోడోలో ఉడుముల్ని జాగ్రత్తగా లెక్కపెడతారు, పెట్టాలి కూడా. దిబ్బల లెక్క అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. పక్షి తగ్గితే కొత్త దిబ్బలు లేవవు. పాతవి వానకి కరిగిపోతాయి. అప్పుడు ఆ తల్లి ఎండిన గట్టి నేలలో తవ్వుకోవాలి. దాని ఒంట్లో ఉన్న ఓపికెంతో ఇప్పుడే విన్నారు.

ఇక మీ ప్రశ్నలు. చెప్పమ్మా, నువ్వే, ముందు వరసలో.

(ఒక పాప: ఉడుము తల్లికి తన పిల్ల కనిపిస్తే గుర్తుపడుతుందా?)

మంచి ప్రశ్న వేశావమ్మా. గుర్తుపట్టదు. తల్లి వెళ్లిపోయిన ఎన్నో వారాలకి పిల్లలు పైకొస్తాయి, ఒకదాన్నొకటి చూసుకునే అవకాశమే ఉండదు. తర్వాత ఎప్పుడైనా ఎదురుపడితే అదీ మిగతా పెద్ద ఉడుముల్లాగే, పిల్ల దానికి తిండే. అందుకే ఆ పిల్ల పుట్టగానే చెట్టెక్కుతుంది. ఇంకో సంగతి చెప్పనా? చచ్చిన జంతువు దగ్గర పెద్దవి తింటుంటే పిల్ల ఉడుములు దిగి వస్తాయి. వచ్చేముందు ఆ జంతువు పేగుల్లో ఉన్న పేడలో పొర్లి ఒంటికి పులుముకుంటాయి. ఆ కంపుకి పెద్ద ఉడుములు దగ్గరికి రావు. ఎవరూ నేర్పలేదు దానికి. తల్లి మూడు నెలలు కాపలా కాసింది. ఆ తర్వాత దాని ప్రాణం అదే కాపాడుకుంటోంది.

వెనక ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి సార్.